ముందు మూత, ఆఖర్న షాపు

ల్యాప్‌టాప్‌లో ఇంకో ఎస్‌ఎస్‌డీ వేసుకోవాలంటే అందరూ చెప్పే వరస ఒకటుంది. మోడల్ పేరు నెట్‌లో కొట్టి చూడు, షాపులో అడుగు, కొనుక్కో, బిగించుకో. నేను చెప్పేది దానికి తలకిందులు. ముందు మూత విప్పండి. తర్వాత చదవండి. షాపుకు అన్నిటికంటే ఆఖర్న వెళ్ళండి. బాగా నడుస్తున్న మిషన్ని ఊరికే ఎందుకు విప్పడమని మా ఇంట్లోవాళ్ళే అన్నారు. అయినా సరే, నా సలహా ఇదే.

దానికి కారణం ఒక్క మాట: "పడుతుంది." కొన్నేళ్ళ కిందట నేనూ ఒక షాపులో నా మోడల్ చెప్పి, ఈ కార్డు పడుతుందా అని అడిగాను. "పడుతుంది సార్" అన్నాడు. నిజంగానే పట్టింది. స్లాట్‌లో చక్కగా కూర్చుంది, స్క్రూ బిగిసింది. ల్యాప్‌టాప్ మాత్రం దాన్ని గుర్తించలేదు. ప్యాకెట్ విప్పేశారు కాబట్టి వెనక్కి తీసుకోం అన్నారు. ఆ రాత్రంతా కూర్చుని చదివితే తెలిసింది: నేను కొన్నది సాటా కార్డు, నా స్లాట్‌కున్నది పీసీఐఈ దారి ఒక్కటే. పట్టడం వేరు, పలకడం వేరు.

ఈ కార్డుల మీద కనిపించే ఎం.2 అనేది ఆకారం పేరు. అది వేగం పేరూ కాదు, పద్ధతి పేరూ కాదు. 2280 అని రాసి ఉంటే వెడల్పు 22 మిల్లీమీటర్లు, పొడవు 80 అని అర్థం. 2242, 2230 కూడా ఇదే లెక్క. ఆ ఒకే ఆకారంలో సాటా కార్డూ వస్తుంది, పీసీఐఈ దారిలో నడిచే ఎన్‌వీఎంఈ కార్డూ వస్తుంది. బంగారు పళ్ళ మధ్య ఉన్న గాటు కొంత చెబుతుంది. వేగమైన ఎన్‌వీఎంఈ కార్డులకు సాధారణంగా ఒకటే గాటు ఉంటుంది, దాన్ని ఎం కీ అంటారు. సాటా కార్డులకు ఎక్కువగా రెండు గాట్లుంటాయి, బి ప్లస్ ఎం. రెండు గాట్ల కార్డు ఎం కీ స్లాట్‌లో దూరుతుంది కాబట్టే నేను మోసపోయాను. దూరడం చూసి నమ్మకండి. స్లాట్ వెనకనుంచి ఏ దారి వస్తోందో తెలుసుకోండి.

మా మేనల్లుడు ఇంజనీరింగ్ చదువుకోసం సెకండ్‌హ్యాండ్‌లో థింక్‌ప్యాడ్ టీ480 కొన్నాడు. 2018లో వచ్చిన మోడల్, కంపెనీలు వాడి వదిలేసినవి ఇప్పుడు మన దగ్గర చాలా తిరుగుతున్నాయి. "మావయ్యా, రెండో డ్రైవ్ వెయ్యొచ్చంటున్నారు, ఆర్డర్ పెట్టేస్తున్నా" అన్నాడు. ఆగమన్నాను. ముందు విండోస్‌లో డ్రైవ్‌కు తాళం వేసే బిట్‌లాకర్ ఆన్‌లో ఉందేమో చూసి, దాని 48 అంకెల రికవరీ కీ కాగితం మీద రాయించాను. ఈ మిషన్‌కు బయట ఒక బ్యాటరీ, లోపల ఇంకొకటి ఉంటాయి. లోపలిదాన్ని బయోస్‌లోకి వెళ్ళి ఆపాలి, బయటిదాన్ని లాగెయ్యాలి. అప్పుడే మూత.

లోపల ఒక మూలన రెండున్నర అంగుళాల బే ఉంది. మామూలుగా అందులో 7 మిల్లీమీటర్ల మందం సాటా డ్రైవ్ ఉంటుంది. సరైన ట్రే, కేబుల్ ఉంటే అక్కడే 2280 ఎన్‌వీఎంఈ కూడా పెట్టుకోవచ్చు. మరోపక్క సిమ్ డేటా కార్డు కోసం చేసిన చిన్న స్లాట్ ఖాళీగా ఉంది. అందులోనూ ఎస్‌ఎస్‌డీ నడుస్తుంది, కాకపోతే 2242 పొడవుదే పడుతుంది. పైగా అది బి కీ స్లాట్ కాబట్టి రెండు గాట్లున్న ఎన్‌వీఎంఈ కార్డే కావాలి. వాడు ఆర్డర్ పెట్టబోయింది ఒక్క గాటు కార్డు. అది అసలు దూరేదే కాదు.

ఇంకో తలకిందుల మాట. ఖాళీగా కనిపించిన చోటు ఖాళీ అనుకోకండి. కొన్ని ల్యాప్‌టాప్‌లలో పెద్ద బ్యాటరీ ఉన్న రకానికీ చిన్న బ్యాటరీ ఉన్న రకానికీ మోడల్ పేరు ఒకటే. పెద్ద బ్యాటరీ వచ్చి డ్రైవ్ చోటునే ఆక్రమిస్తుంది. కొన్నిటిలో బోర్డు మీద స్లాట్ గుర్తు అచ్చువేసి ఉంటుంది, కనెక్టర్ మాత్రం అతికించి ఉండదు. కొన్నిటిలో బే ఉంటుంది, బోర్డునుంచి దానికి వచ్చే పల్చటి రిబ్బన్ కేబుల్ ఉండదు. వైఫై కార్డు స్లాట్ కూడా ఎం.2నే, దాన్ని చూసి ఆశపడొద్దు. ఇవేవీ మోడల్ పేరులో తెలియవు, కళ్ళతో చూస్తేనే తెలుస్తాయి. ఉన్న డ్రైవ్ ఏమిటో సాఫ్ట్‌వేర్ చక్కగా చెబుతుంది. లైనక్స్‌లో ఎస్‌డీఏ అని కనిపిస్తే చాలావరకు సాటా, ఎన్‌వీఎంఈ అనే పేరుంటే పీసీఐఈ, ఎంఎంసీ అని మొదలైతే చాలా చవక ల్యాప్‌టాప్‌లలో అది బోర్డుకే అతికించిన ఈఎంఎంసీ. ఖాళీ స్లాట్ విషయంలో మాత్రం దాని మాట మీద డబ్బు పెట్టకండి.

మూత తెరిచి ఫోన్‌తో ఫొటోలు తీశాక చదవడానికి కూర్చోండి. అమ్మకాల పేజీ వద్దు. రిపేరు చేసేవాళ్ళ కోసం తయారీదారులే రాసిన పుస్తకం చదవండి. లెనోవోలో దాన్ని హార్డ్‌వేర్ మెయింటెనెన్స్ మాన్యువల్ అంటారు, హెచ్‌పీలో మెయింటెనెన్స్ అండ్ సర్వీస్ గైడ్. డబ్బు కట్టకుండానే దొరుకుతాయి. ఏ స్క్రూ ఎక్కడిదో, ఏ భాగం నెంబరేమిటో, అన్నీ ఉంటాయి. ఇంత శ్రద్ధగా రాసిన పుస్తకాన్ని కొన్నవాళ్ళలో ఎవరూ తెరవరే అని నాకు బాధ.

కొనేటప్పుడు సగం వేగందే కొనండి. మా వాడికి ఇది అస్సలు నచ్చలేదు. సెకనుకు 7000 మెగాబైట్లు చదివే డ్రైవ్ చూపించాడు. టీ480లో ఆ రెండుచోట్లా ఉన్నది మూడో తరం పీసీఐఈ, అదీ రెండే వరసలు (లేన్లు). ఒక్కో వరస సుమారు 985 మెగాబైట్లు మోస్తుంది, అంటే రెండూ కలిసినా 2000 దాటదు. మిగతా 5000కి ఇచ్చే డబ్బు బూడిదలో పోసిన పన్నీరే. ఆ డబ్బుతో ఎక్కువ చోటున్న మామూలు డ్రైవ్ తీసుకోమన్నాను. సాటా స్లాట్ అయితే ఇంకా తేలిక, ఏ కంపెనీదైనా 550 దగ్గరే ఆగుతుంది.

ఇప్పుడు వెళ్ళండి షాపుకు. సికింద్రాబాద్‌లోని సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌కే వెళ్తారో, మీ ఊళ్ళో బస్టాండు పక్క కొట్టుకే వెళ్తారో, ఫోన్‌లో ఆ ఫొటో చూపించండి. పడుతుందా అని అడగొద్దు. 2242, రెండు గాట్లు, ఎన్‌వీఎంఈ అని అడగండి. మా వాడు అలా అడిగితే కౌంటర్ మీదున్న కుర్రాడు లోపలికి వెళ్ళి రెండు పెట్టెలు వెతికి తెచ్చాడట.

వచ్చేటప్పుడు ఒక స్క్రూ కూడా అడిగి తెచ్చుకోండి. రెండు మిల్లీమీటర్ల మందం, మూడు మిల్లీమీటర్ల పొడవు. డ్రైవ్ పెట్టెలో చాలాసార్లు అది ఉండదు. అది లేకపోతే కార్డు ఏటవాలుగా లేచి నిలబడుతుంది, మూత మూయడానికి లేదు. మా వాడు ఆ సాయంత్రం మళ్ళీ బండి తీశాడు.