సైకిల్ తొక్కాలంటే కారుండాలి

హైదరాబాద్‌లో సైకిల్ వాళ్ళు రెండు రకాలు. మొదటి రకం వాళ్ళు సైకిల్ మీద కూర్చుంటారు. రెండో రకం వాళ్ళ సైకిల్ కారు మీద కూర్చుంటుంది. మొదటి రకాన్ని ఎవరూ ఏమీ అనరు, అసలు చూడనే చూడరు. రెండో రకాన్ని సైక్లిస్టులంటారు.

నమ్మకపోతే ఆదివారం తెల్లవారుజామున నార్సింగి వైపు వెళ్ళి చూడండి. బారులు తీరిన కార్లు, ఒక్కో కారు వీపు మీద ఒకటో రెండో సైకిళ్ళు. నంబర్ ప్లేటు కనపడకుండా కట్టినందుకు చలానా పడ్డా ఫర్వాలేదన్న తెగింపు ఆ తాళ్ళ ముడుల్లో కనిపిస్తుంది. కారు ఆపుతారు, సైకిల్ దించుతారు, చక్రం బిగిస్తారు, గ్లవ్స్ తొడుగుతారు, వెనక ఎర్రలైటు మిణుకుమిణుకుమనేలా చేస్తారు. ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల పొడవున సోలార్ కప్పు వేసి, 2023 అక్టోబరులో అప్పటి మంత్రి కేటీఆర్ ప్రారంభించిన సైకిల్ ట్రాక్ అది. ఆ కప్పుకి 16 మెగావాట్ల కరెంటు తీసే సామర్థ్యం ఉంది. సైకిల్ తొక్కేవాళ్ళకు ఎండ తగలకూడదన్నది ఉద్దేశం. మనవాళ్ళలో చాలామంది ఎండ రాకముందే తొక్కేసి ఇడ్లీలకు వెళ్ళిపోతారు. ఆ తర్వాత పొద్దెక్కి, టిఫిన్ క్యారియర్ హ్యాండిల్‌కి తగిలించుకుని, కట్టుబడి పనులకు పోయే కూలీల సైకిళ్ళు ఇంకెక్కడో కప్పు లేని రోడ్ల మీద వెళ్తుంటాయి. ఇక్కడ మాత్రం ఎండంతా పలకలకే మిగులుతుంది. పథకం సఫలమనే చెప్పాలి.

ఆ ట్రాక్ కట్టించింది కారు గుర్తు ప్రభుత్వమన్న సంగతి కూడా గుర్తుంచుకోవాలి. సైకిల్‌నీ కారునీ సమన్వయం చేయడం ఎలాగని మిగతా ప్రపంచం జుట్టు పీక్కుంటే పీక్కోనివ్వండి, తెలుగువాడికి అది కొత్త విద్యేం కాదు. 1982లో పుట్టిన సైకిల్ పార్టీలోంచి 2001లో కేసీఆర్ బయటికొచ్చి పెట్టిన పార్టీయే కారు పార్టీ అయింది. 2009లో మహాకూటమి పేరిట సైకిలూ కారూ ఒకే షెడ్డులో పడుకున్నాయి. రాష్ట్రం విడిపోయాక ‘సైకిల్ దిగి కారెక్కిన’ ఎమ్మెల్యేల మీద మన పత్రికలు పెట్టిన శీర్షికలకు లెక్కే లేదు. అటునుంచి ఇటు, అంటే కారు దిగి సైకిలెక్కడం మాత్రం రాజకీయాల్లో అంతగా చలామణీలోకి రాలేదు. ఆ లోటు తీర్చడానికి పుట్టినవాడే మన సాఫ్ట్‌వేర్ సైక్లిస్టు. ఆయన కారు దిగాడు. తాళం మాత్రం జేబులోనే ఉంచుకున్నాడు.

అలాంటి మహానుభావుడొకరు మా అపార్ట్‌మెంట్‌లో ఉన్నారు. పేరెందుకు, ఐదో అంతస్తాయన అనుకుందాం. ఇల్లు మియాపూర్ పక్కన, ఆఫీసు రాయదుర్గంలో. సైకిల్ ఖరీదు లక్షా అరవై వేలు. ఇంట్లో నలభై వేలని చెప్పారు. అసలు రేటు తెలిసింది వాచ్‌మన్ ఒక్కడికే. ఈ కాలమ్ వాళ్ళావిడ చదవరన్న ధైర్యంతో రాస్తున్నాను.

“గా సైకిల్ ఎంతైంది సార్?” అని అడిగాడట వాచ్‌మన్.

“లక్షా అరవై.”

“పెట్రోలు ఎంతిస్తది సార్?”

“పెట్రోలేంటయ్యా, తొక్కుడే.”

వాచ్‌మన్ ఆ తర్వాత చాలాసేపు ఏమీ మాట్లాడలేదట.

అంత ఖరీదైన సరుకుని సెల్లారులో వదలలేరు కాబట్టి సైకిల్ లిఫ్టెక్కి పైకి వెళ్ళి పడగ్గదిలో గోడకి ఆనుకుని నిద్రపోతుంది. పదిహేను లక్షల కారు కింద దుప్పటి కప్పుకుని దోమల్లో పడుకుంటుంది. కారుని కదపకుండా ఉంచితే ఏమవుతుందో కార్లున్న సైక్లిస్టులకే తెలుసు. బ్యాటరీ దిగిపోతుంది. ఒకేచోట నిలబడి టైర్లు చదునవుతాయి. బానెట్ కింద ఎలుకలు కాపురం పెట్టి వైర్లు కొరుకుతాయి. ఎవరో చెప్పారని ఈయన ఇంజను చుట్టూ పొగాకు కాడలు పెట్టారు. ఎలుకలు పోలేదు కానీ, కారెక్కిన అత్తగారు “అబ్బాయి చుట్ట మొదలెట్టాడా ఏం?” అని కూతుర్ని పక్కకి పిలిచి అడిగారు. చివరికి మెకానిక్ సలహా ఇచ్చాడు: వారానికోసారైనా కారుని అలా బయట తిప్పి తీసుకురండి సార్ అని. అప్పట్నుంచి ఐదో అంతస్తాయన ఆదివారం కారు ఆరోగ్యం కోసం సైకిల్‌ని కారెక్కించి, తన ఆరోగ్యం కోసం సైకిల్ తొక్కడానికి నార్సింగి వెళ్ళి వస్తున్నారు. రెండు పడవల మీద కాళ్ళు పెట్టొద్దన్నారు గానీ, పడవలు రెండూ సొంతవైతే ఎవరేమంటారు?

ఇక ఆఫీసుకి సైకిల్ మీద వెళ్ళడం. ఇది వినడానికి తేలిక. జూన్ నుంచి అక్టోబరు దాకా వానలు, రోడ్డేదో గుంతేదో తెలియదు. మార్చి నుంచి మే దాకా ఎండలు. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా పొద్దున పొగమంచు, సాయంత్రం పెళ్ళిళ్ళు. మిగిలిన రోజుల్లో ఆయన తప్పకుండా సైకిల్ మీదే వెళ్తారు. వెళ్ళిన రోజున ఆ సంగతి స్ట్రావా యాప్‌లో ఎక్కాలి, ఎక్కకపోతే తొక్కిన కాళ్ళకే నమ్మకం కుదరదు.

దారి సంగతి వేరే చెప్పాలా? ఈ ఊళ్ళో పెద్ద రోడ్డు కట్టారంటే సైకిల్‌కి ఒక దారి మూసుకున్నట్టే. 158 కిలోమీటర్ల ఔటర్ మీద రెండు చక్రాలకి ప్రవేశం లేదు. మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ వైపు వెళ్ళే పదకొండున్నర కిలోమీటర్ల పీవీ నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే మీదా లేదు. సరే, అవి వేగంగా పోయే రోడ్లు, ప్రాణాలు పోతాయి, అనుకుందాం. అయితే వేగంగా పోనక్కర్లేని రోడ్డు ఒక్కటైనా సైకిల్‌కి రాసిస్తారేమో అని చూస్తే, గీత గీసిన చోట కార్లు ఆపుతారు, గీత లేని చోట కార్లు నడుపుతారు.

ఇవన్నీ దాటుకుని ఆఫీసు గేటు దాకా చేరితే అసలు ఘట్టం అక్కడుంది. మొదటిరోజు సెక్యూరిటీ అతను దూరం నుంచే చెయ్యి ఊపాడు.

“ఓ అన్నా! డెలివరీ ఎనక గేటు!”

మెడలో ఐడీ కార్డు చూపించినా అతను నమ్మలేదు. కార్డులు చాలామందికి ఉంటాయి. అప్పుడు ఐదో అంతస్తాయన జేబులోంచి కారు తాళం తీశారు. రిమోటున్న తాళం.

“సారీ సార్! ఎక్సర్‌సైజా సార్?” అని సెల్యూట్ కొట్టి గేటు తీశాడు.

ఆ రోజునుంచి ఆయన సైకిల్ మీద ఎక్కడికి వెళ్ళినా కారు తాళం మెడలో తాడుకి వేసుకునే వెళ్తున్నారు. పాత రోజుల్లో మునిసిపాలిటీ వాళ్ళకి పన్ను కట్టి సైకిల్‌కి బిళ్ళ తగిలించుకునేవాళ్ళం కదా, ఇది ఈ కాలపు బిళ్ళ.

పాత రోజులంటే గుర్తొచ్చింది. అప్పట్లో అల్లుడు కట్నంలో ర్యాలీ సైకిల్ అడిగేవాడు. చేతి గడియారం, రేడియో, సైకిల్: ఈ మూడూ అందకపోతే అలిగేవాడు. చీకట్లో లైటు లేకుండా తొక్కితే, డబుల్స్ తొక్కితే పోలీసు ఆపి గాలి తీసేసేవాడు. అంటే సైకిల్‌ని మనిషిగా చూసి శిక్షించే వ్యవస్థ ఒకటుండేది. ఇప్పుడు అదే అల్లుడు పెళ్ళిచూపులకి సైకిల్ మీద వస్తే? అది కూడా కారు మీదే ఆధారపడి ఉంటుంది. “అబ్బాయికి కారుందండీ, కానీ ఆఫీసుకి సైకిల్ మీద వెళ్తాడు” అంటే ఆరోగ్యం మీద శ్రద్ధ, నిరాడంబరత, పర్యావరణ స్పృహ. “అబ్బాయికి కారు లేదండీ, ఆఫీసుకి సైకిల్ మీద వెళ్తాడు” అంటే ఇంకా సెటిల్ కాలేదు. అబ్బాయి అదే, సైకిల్ అదే, కాళ్ళూ అవే.

ఈ రహస్యం ఐదో అంతస్తు ఆవిడకి తెలియక ఒకరోజు లెక్క వేశారు. లైఫ్ ట్యాక్స్ కొన్ననాడే కట్టేశాం, తిప్పినా తిప్పకపోయినా అది తిరిగి రాదు. ఇన్సూరెన్సు ఏటా కట్టాలి. వాయిదాలు, సర్వీసింగు, ఏటేటా పడిపోయే రేటు. అన్నీ కలిపి ఏడాదికి రెండు లక్షలనుకుంటే, పదివేల కిలోమీటర్లు తిరిగితే కిలోమీటరుకి ఇరవై రూపాయలు. మీరు సైకిల్ మీద పోయి కారుని వెయ్యి కిలోమీటర్లే తిప్పితే కిలోమీటరుకి రెండు వందలు. “మీరు తొక్కినకొద్దీ మన కారు ఖరీదైపోతోందండీ. విమానం ఛార్జీని ఎప్పుడో దాటించేశారు.”

ఆవిడ లెక్క తప్పు కాదు, పద్దు తప్పు. ఆ రెండు లక్షల్ని కారు ఖర్చులో రాశారు. సైకిల్ ఖర్చులో రాయాలి. అది కారు నడపడానికి కట్టే డబ్బు కాదు. పేదవాడిలా కనపడకుండా సైకిల్ తొక్కడానికి ఏటా కట్టే రుసుం. ఈ మధ్య తిప్పినంతకే ప్రీమియం కట్టే ఇన్సూరెన్సులు కూడా వచ్చాయి కాబట్టి ఆ రుసుంలో కాస్త రాయితీ కూడా దొరుకుతోంది.

ప్రభుత్వాలకీ ఈ సమన్వయం బాగా పట్టుబడింది. 2025 సెప్టెంబరులో జీఎస్టీ సవరించినప్పుడు సైకిల్ మీద పన్ను 12 శాతం నుంచి 5కి దించారు. సైక్లిస్టులు పండగ చేసుకున్నారు. అదే రోజు చిన్న కార్ల మీద 28 నుంచి 18కి దించారు. సైకిల్‌కి ఏడు మెట్లు, కారుకి పది. దిగుమతి సైకిళ్ళ మీద సుంకం అంతకు ముందు 2023లోనే 30 నుంచి 35 శాతానికి పెంచారు, అది ఎలాగూ అల్లుళ్ళు అడిగే రకం కాదు. 2024 డిసెంబరులో కేంద్రం ‘సండేస్ ఆన్ సైకిల్’ మొదలుపెట్టింది. ఆదివారాలు సైకిల్ తొక్కమన్నారు. ఎంత వివరం తెలిసిన ప్రభుత్వం! సోమవారం ఆఫీసులుంటాయి, అప్పుడు తొక్కితే సైకిల్ నిజంగా ఎక్కడికో చేరాల్సి వస్తుంది.

మా ఐదో అంతస్తాయనకి ఎక్కడ మాట మొదలుపెట్టినా నెదర్లాండ్స్ వస్తుంది. అక్కడ జనాభా కంటే సైకిళ్ళెక్కువ, ప్రధానిగా ఉన్నప్పుడు మార్క్ రుట్టె కూడా సైకిల్ మీదే ఆఫీసుకి వెళ్ళేవాడు. అంతా నిజమే. అక్కడ సుమారు ఇద్దరికో కారు కూడా ఉందన్నది మాత్రం ఆయన చెప్పరు. వాళ్ళకీ రెండూ ఉన్నాయి, కాకపోతే వాళ్ళు సైకిల్ తొక్కడానికి కారులో వెళ్ళరు.

మన దగ్గర లెక్క వేరు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో సగం ఇళ్ళలో సైకిలుంది. కారున్నవి నూటికి ఎనిమిది. సైకిలుండి కారు లేని ఇళ్ళ వాళ్ళు కారుకీ సైకిల్‌కీ మధ్య సమన్వయం ఎలా సాధిస్తున్నారో ఇంతవరకూ ఎవరూ వాళ్ళని ఇంటర్వ్యూ చేయలేదు. పొద్దున్నే లేస్తారు, సైకిలెక్కుతారు, పోతారు. ఫొటో కూడా దిగరు.

అలాంటివాడే మా వాచ్‌మన్. పోయిన దసరాకి తన పాత సైకిల్ అమ్మేసి సెకండ్ హ్యాండ్ టీవీఎస్ ఎక్సెల్ కొన్నాడు. ఐదో అంతస్తాయన నిజంగానే బాధపడ్డారు. కార్బన్ గురించి, మోకాళ్ళ గురించి, భావితరాల గురించి గేటు దగ్గర నిలబెట్టి చెప్పారు.

“మంచిగున్న సైకిల్ ఎందుకమ్మినవయ్యా?”

“మీకు కారున్నది సార్, తొక్కుతరు” అన్నాడు వాడు, గేటు తీస్తూ.

మొన్న అసోసియేషన్ మీటింగులో ఆయన ప్రతిపాదన పెట్టారు. సెల్లారులో ఒక కారు పట్టే జాగాలో పది సైకిళ్ళు పడతాయి కాబట్టి ఒక స్లాటుని సైకిల్ స్టాండుగా మారుద్దామన్నారు. సభ చప్పట్లతో మార్మోగింది. ఎవరి స్లాటన్న ప్రశ్న రాగానే చప్పట్లు ఆగాయి.

“మీ కారు ఎలాగూ తీయరు కదండీ, మీ స్లాటే ఇవ్వొచ్చుగా?” అన్నారు సెక్రటరీ గారు.

“మరి నా కారు ఎక్కడ పెట్టుకోమంటారండీ?” అన్నారాయన. ఆ మాటలో న్యాయముందని అందరూ ఒప్పుకున్నారు.

చివరికి జనరేటర్ వెనక జాగాలో స్టాండు వెలిసింది. వారం తిరక్కముందే నిండిపోయింది. ఇస్త్రీ అతని సైకిల్, మూడిళ్ళలో వంట చేసే ఆవిడ కొడుకు సైకిల్, పక్కన కడుతున్న అపార్ట్‌మెంట్ కూలీల సైకిళ్ళు. ఇలాగైతే అసలైన సైక్లిస్టులు ఎక్కడ పెట్టుకోవాలి అని అత్యవసర సమావేశం జరిగింది. బయటివాళ్ళ సైకిళ్ళు గేటు బయటే ఉండాలనీ, స్టాండులో పెట్టుకోవాలంటే స్టిక్కరు తీసుకోవాలనీ తీర్మానించారు. దరఖాస్తు ఫారం ప్రింటు చేయించారు: పేరు, ఫ్లాట్ నంబరు, సైకిల్ కంపెనీ, కారు రిజిస్ట్రేషన్ నంబరు. ఆ చివరి గడి నింపని దరఖాస్తులు తీసుకోబడవని కింద చిన్న అక్షరాల్లో ఉంది.

మొదటి స్టిక్కరు మర్యాదగా ఐదో అంతస్తాయనకే ఇచ్చారు. లక్షా అరవై వేల సైకిల్‌కి జిగురు అంటితే రంగు పోతుందని ఆయన దాన్ని కారు అద్దానికి అంటించుకున్నారు.