పాలపిట్టకు పండగ సెలవు

బతుకమ్మ మొదలైన దగ్గర్నుంచి మా అపార్టుమెంటులో నన్ను మంచీచెడూ అడిగినవాళ్లు లేరు. లిఫ్టులో, పాలబూతు దగ్గర, చివరికి మంగలి కత్తి గొంతు మీద ఉన్నప్పుడు కూడా ఒకటే ప్రశ్న: "అన్నా, పిట్ట ఏడ కనవడ్తది?" పొద్దున్నే ఊరి బయట చేలగట్ల మీద తిరుగుతానన్న పాపానికి, దసరా నాడు పాలపిట్టను చూపించే బాధ్యత నా నెత్తిన పడింది.

మామూలు రోజుల్లో అది ఎక్కడికీ పోదు. కరెంటు తీగ మీద కూర్చుని, కింద మిడత కదిలితే దిగి పట్టుకుని, మళ్లీ తీగెక్కుతుంది. అప్పుడు "అదిగో" అంటే ఎవరూ తలెత్తరు. విజయదశమి సాయంత్రం మాత్రం జమ్మికి మొక్కి, కార్లెక్కి, హారన్లు కొడుతూ, పిల్లల చేత కేకలు పెట్టిస్తూ వెతుకుతారు. నేనే పిట్టనైతే పక్క జిల్లాకు పోదును.

కనిపించినా నమ్మరు. కూర్చున్నప్పుడు గోధుమరంగు రొమ్ముతో, మెడ లోపలికి లాక్కుని, ఏ ఆర్భాటమూ లేకుండా ఉంటుంది. "ఇది కాదు సార్, ఫోన్ల వేరే ఉంది" అని నాకే పాఠం చెబుతారు. నీలమంతా రెక్క విప్పినప్పుడు కదా!

అసలు దీని సర్వీసు రికార్డు తెలుసా? ఉమ్మడి రాష్ట్రానికి రాష్ట్రపక్షి. 2014లో రాష్ట్రం విడిపోతే ఉద్యోగుల పంపకానికి కమిటీలు, ఆప్షన్లు, కోర్టు కేసులు. దీనికి ఏ తంటా లేదు. తెలంగాణ తన పక్షిగా ప్రకటించుకుంది, ఆంధ్ర తీసెయ్యలేదు. 2018లో అక్కడ రామచిలుకను వేసుకున్నాక గానీ రిలీవు కాలేదు. మూడేళ్లకు పైగా రెండు ప్రభుత్వాల కొలువు చేసింది. స్థానికత సర్టిఫికెట్టు ఎవరూ అడగలేదు, టీఏ బిల్లు అది పెట్టలేదు. ఇంక్రిమెంటు సంగతి ఎత్తనే లేదు. ఇలాంటి ఉద్యోగిని మా ఆఫీసులో ఒక్కణ్ని చూపించండి, శాలువా నేను కప్పుతాను.

తంగేడు రాష్ట్రపుష్పం, జమ్మి రాష్ట్రవృక్షం. ముగ్గురికీ హోదా ఉంది, క్వార్టర్సే లేవు. నిరుడు తంగేడు విరగబూసిన చెలకలో ఈసారి వెంచరు వాళ్ల హద్దురాళ్లు. పత్తిచేలో గునుగు మొలిస్తే కలుపుమందు. ఆ తర్వాత బతుకమ్మకు అదే గునుగును బజారులో బేరమాడి కొంటాం, రంగులద్దుకుంటాం.

నిరుడు దసరాకు గుడి ముందు ఒకాయన పంజరం మీద బట్ట తీసి దర్శనం చేయించాడు, పది రూపాయలకు. లోపల పాలపిట్ట. రెక్కలు దారంతో కట్టేసి ఉన్నాయి. జనం కళ్లకద్దుకుని పోతున్నారు. శుభమంతా రెక్కలోనే ఉందనుకుంటే, వాళ్లు దేనికి దండం పెట్టారో నాకు అంతుపట్టలేదు. ఆ పిట్ట మిడతను పట్టి ఎన్నాళ్లయిందో. ఆ రాత్రి పిండివంటలు సయించలేదు.

పాలపిట్టను పట్టడం, పంజరంలో పెట్టడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. ఈసారి పంజరం కనిపిస్తే పది రూపాయలివ్వకండి, అటవీశాఖ వాళ్లకు ఫోను చెయ్యండి. దశమి నాడు పిట్ట దొరక్కపోతే ఏకాదశి నాడు నా వెంట రండి. నడిచి రావాలి. హారన్ ఉన్న వాహనాలకు ప్రవేశం లేదు.