పాస్‌వర్డ్ మరిచినవాడికి పాస్‌వర్డే దిక్కు

కలకత్తా గుమాస్తాలది పాత వంశం. వాళ్ల కోసం ఈస్టిండియా కంపెనీ 1777లోనే రైటర్స్ బిల్డింగ్ కట్టడం మొదలుపెట్టింది. 2013లో సచివాలయం అక్కణ్నుంచి హుగ్లీ దాటి, హౌరాలోని నబన్నకు మారింది. ఆ వంశంలోని కొత్త తరం సాల్ట్ లేక్ సెక్టార్ ఫైవ్‌లో కంప్యూటర్ల ముందు కూర్చుంటోంది. ఫైలు పోయి, కంప్యూటర్లో పెట్టుకునే అర్జీ, అంటే టికెట్ వచ్చింది. కదలడం మాత్రం పాత పద్ధతిలోనే.

అక్కడ ఏదో ఒక ఆఫీసు అనుకోండి. ఎవరెవరు ఉద్యోగులో, ఎవరికి ఏ తలుపు తెరుచుకోవాలో చెప్పేది యాక్టివ్ డైరెక్టరీ. విండోస్ 2000తో పుట్టింది కాబట్టి పెళ్లీడు ఎప్పుడో దాటింది. ఫిర్యాదులు వినేది సర్వీస్ డెస్క్. ఈ రెండింటికీ ముడిపెడితే కొత్త ఖాతాలు, పాస్‌వర్డ్ మార్పులు వాటంతటవే జరిగిపోతాయని పెద్దలు తేల్చారు. పెళ్లిళ్ల పేరయ్యగా, డైరెక్టరీతో మాట్లాడే భాష ఎల్‌డాప్ వచ్చింది.

జాతకాలు చూశారా? పేర్లు చూశారు, అంతే. హెచ్‌ఆర్ వారి లెక్కలో ముఖోపాధ్యాయ్, డైరెక్టరీలో ముఖర్జీ. మనిషి ఒక్కడే, ఖాతాలు రెండు. ఇంటి పేరు ముందు రాసుకునే మన కాకినాడ కుర్రాణ్ని ఆఫీసంతా ఇంటి పేరుతోనే పిలుస్తోంది. ఉద్యోగి నంబరుతో జత చేసి ఉంటే ఈ గొడవే లేదు. కానీ నంబరు అడగడానికి హెచ్‌ఆర్‌కు టికెట్ పెట్టాలి, అది ఇంకా పెండింగే.

తర్వాత పాస్‌వర్డ్ కథ. నాలుగైదుసార్లు తప్పు కొడితే ఖాతాకు తాళం పడుతుంది. తాళం తీయమని టికెట్ పెట్టాలి. టికెట్ పెట్టాలంటే సర్వీస్ డెస్క్‌లోకి లాగిన్ కావాలి. అనుసంధానం పుణ్యమా అని దానికీ అదే పాస్‌వర్డ్! చివరికి పక్క సీటు దాదా లాగిన్‌తో టికెట్ పెడితే, కొత్త పాస్‌వర్డ్ దాదాకే వస్తుంది.

ఇవన్నీ నవ్వుకునే తిప్పలు. నవ్వలేనిది వేరే ఉంది. ఉద్యోగంలో చేరేవాడు ఖాతా కోసం రోజుకు మూడుసార్లు గుర్తు చేస్తాడు. వెళ్లిపోయేవాడు వీడ్కోలు రసగుల్లా తిని వెళ్లిపోతాడు. తన ఖాతా మూసేయమని టికెట్ పెట్టేవాడు లోకంలో లేడు. ఖాతా తెరిచే ఉండిపోతుంది. 2021 ఏప్రిల్ చివర్లో అమెరికాలో కలోనియల్ పైప్‌లైన్ సంస్థలోకి దొంగలు దూరింది, ఎవరూ వాడని ఒక పాత వీపీఎన్ ఖాతా పాస్‌వర్డ్‌తోనే. దానికి ఓటీపీ లాంటి రెండో తాళం కూడా లేదు. పైప్‌లైన్ కొన్ని రోజులు ఆగింది, పెట్రోలు బంకుల ముందు క్యూలు పెరిగాయి, సంస్థ దొంగలకు సుమారు 44 లక్షల డాలర్లు చెల్లించుకుంది.

వెళ్లిపోయిన మనిషికి ఒక్కరోజు జీతం కూడా ఎక్కువ ఇవ్వని ఆఫీసులు, తాళంచెవి మాత్రం ఏళ్ల తరబడి అతని దగ్గరే వదిలేస్తున్నాయి. అయ్యా పెద్దలూ, డైరెక్టరీని ముందు జీతాల పట్టీతో కలపండి. జీతం ఆగిన రోజే ఖాతా కూడా ఆగాలి. దానికి ఎవరి టికెట్టూ అక్కర్లేదు.