పెళ్లయ్యాక చూపులు

ఇంట్లో కూర్చుని భార్య ముఖం ఎంతసేపని చూస్తారు అని ఎల్ అండ్ టీ ఛైర్మన్ ఎస్.ఎన్. సుబ్రహ్మణ్యన్ గారు అడిగితే దేశమంతా ఆయన మీద పడింది. అన్యాయం. అందులో అవమానం వెతికినవాళ్లే గానీ, అదొక పరిశోధనాంశమని గుర్తించినవాళ్లు ఒక్కరూ లేరు. పెళ్లిచూపులకైతే మనకో పద్ధతి ఉంది. స్వీటూ హాటూ వస్తాయి, పిల్ల తల వంచుకుంటుంది, అరగంటలో తేలిపోతుంది. పెళ్లయ్యాక చూపుల సంగతేమిటి? ఎంతసేపు చూడాలి, ఎంత దూరం నుంచి చూడాలి, ఆమె ఏ పనిలో ఉండగా చూడాలి? వీటికి లెక్కా పత్రం లేదు. ఉద్యోగులతో ఆదివారాలు పని చేయించలేకపోతున్నందుకు విచారిస్తున్న పెద్దమనిషికి ఆ లెక్క తేల్చుకునే తీరిక ఎక్కడిది? ఆయనను చదివించాల్సిన బాధ్యత ప్రభుత్వ విశ్వవిద్యాలయానిదే.

అదృష్టం కొద్దీ ఈ చూపుల శాస్త్రానికి కాలేజీ ఉంది. జయశంకర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం వారిది, హైదరాబాద్ సైఫాబాద్‌లో. పాతవాళ్లు హోమ్ సైన్స్ కాలేజీ అంటారు, బోర్డు మీద ఇప్పుడు కమ్యూనిటీ సైన్స్ అని ఉంటుంది. ఆహారం, పోషణ, మానవ వికాసం, కుటుంబ అధ్యయనం, వనరుల నిర్వహణ, వినియోగదారు శాస్త్రం, ఇలా విభాగాలున్నాయి. ఛైర్మన్ గారిని మొదటి సంవత్సరంలో చేర్చుకుని ప్రాక్టికల్స్‌కు సీతాఫల్‌మండి పంపాలని నా ప్రతిపాదన. ఎంఎంటీఎస్ దిగి, రైలు పట్టాల పక్క సందులో ఒక రెండు గదుల పోర్షన్ చూసుకుని, ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, స్టాప్‌వాచ్ పట్టుకుని కూర్చోవాలి. పరాయి ఇల్లాలిని తదేకంగా చూస్తే బస్తీవాళ్లు ఊరుకోరు గనుక ఆమె చేతులను మాత్రమే చూడాలని షరతు. ఇదేమీ కొత్త పద్ధతి కాదు. కార్మికుడి ప్రతి కదలికనూ గడియారం పెట్టి కొలిచే విద్యను ఫ్యాక్టరీ నుంచి వంటింట్లోకి తెచ్చిన లిలియన్ గిల్‌బ్రెత్ అనే ఇంజనీరమ్మ, దాదాపు వందేళ్ల కిందటే గృహిణి వేసే అడుగులు లెక్కపెట్టింది. కంపెనీలు ఎంతో గొప్పగా చెప్పుకునే ‘ఎఫిషియెన్సీ’ని ఈ శాస్త్రం పొయ్యి గట్టు ఎత్తు దగ్గర్నుంచి కొలుస్తూ వస్తోంది.

మొదటి రోజే విద్యార్థికి చిక్కు వచ్చిపడుతుంది. చూద్దామంటే మనిషి ఒకచోట నిలబడదు. నల్లా వచ్చే వేళకు బిందెల దగ్గర ఉంటుంది, టిఫిన్ డబ్బాల వేళకు పొయ్యి దగ్గర, ఆ తర్వాత బట్టలు, అంట్లు, అత్తగారి మందులు. సంక్రాంతి వారం కూడా కలిసిందంటే సకినాల పిండి అదనం. చూపు నిలిపిన సమయం అనే గడిలో సున్నా వేసుకుని రావాలి. ప్రభుత్వం 2019లో చేసిన సమయ వినియోగ సర్వే ప్రకారం జీతం లేని ఇంటి పనికి ఆడవాళ్లు రోజుకు సగటున 299 నిమిషాలు వెచ్చిస్తున్నారు, మగవాళ్లు 97. ఆ 97 కూడా అందరు మగవాళ్లవీ కావు, అసలు ఇంటి పని ముట్టుకున్నవాళ్లవి. అలాంటివాళ్లు నూటికి 26 మంది. 2021 జనవరిలో సుప్రీం కోర్టు న్యాయమూర్తిగా జస్టిస్ ఎన్.వి. రమణ గారు ఈ నిమిషాల లెక్కను తన తీర్పులోనే రాశారు. 299 నిమిషాలంటే వారానికి దాదాపు 35 గంటలు. సెలవు లేదు, ఆదివారం లేదు. ఆదివారం పని చేయించాలన్న ఛైర్మన్ గారి కోరిక దేశంలో ఎప్పుడో నెరవేరింది, ఆయన కంటపడలేదు అంతే.

ఆయన సరదాగా అన్నారులే అని కొందరన్నారు. కంపెనీ మాత్రం సరదా అనలేదు, దేశ నిర్మాణం అంది. వారానికి 90 గంటలు పని చేయాలన్న ఛైర్మన్ గారి మాటకు, చైనావాళ్లు అంతా చేస్తున్నారనే ఉదాహరణ కూడా వచ్చింది. పొద్దున తొమ్మిది నుంచి రాత్రి తొమ్మిది దాకా వారానికి ఆరు రోజుల చాకిరీ చట్టవిరుద్ధమని చైనా సుప్రీం కోర్టే 2021లో చెప్పింది. అది 72 గంటలకే. మన ఫ్యాక్టరీల చట్టం 1948లోనే వారానికి 48 గంటల దగ్గర గీత గీసింది. ఇక హోమ్ సైన్స్ పేరిట వంటలు నేర్పడానికి యూనివర్సిటీ ఎందుకు, ప్రజల సొమ్ము దండగ అనే వాదన ఉండనే ఉంది. సీతాఫల్‌మండి పక్కనే తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. అయినా అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి తెలంగాణలో నూటికి 57 మందికి పైగా స్త్రీలకూ, 70 మంది పసిపిల్లలకూ రక్తహీనత. ఇంట్లో ఎవరు ముందు తింటారు, ఎవరు ఆఖర్న గిన్నె గీక్కుంటారు అన్నది తెలియకుండా ఇనుము మాత్రలు పంచితే ఈ అంకె కదలదు. అది తెలుసుకోవడం వంటల క్లాసు కాదు, శాస్త్రం.

ఇక వెటకారం చాలు. వారంలో ఉన్నవి 168 గంటలు. 90 కంపెనీకి పోతే, నిద్రపోగా మిగిలేది రోజుకు మూడు నాలుగు గంటలు. అందులో సగం ట్రాఫిక్ మింగుతుంది. మరి ఆ మనిషి తిండి ఎవరు వండాలి? పిల్లల ఫీజు ఎవరు కట్టి రావాలి? అమ్మను ఆస్పత్రికి ఎవరు తీసుకెళ్లాలి? 90 గంటల ఉద్యోగి ఒక్కడు కాదు, ఇద్దరు. కంపెనీ ఒకరికి జీతమిచ్చి ఇద్దరి చాకిరీ కొల్లగొడుతూ, ఆ రెండో మనిషి ఏ పనీ లేక చూపించుకుంటూ కూర్చుందని మైకు పట్టుకుని ఎగతాళి చేస్తోంది. అదే ఉద్యోగం తనూ చేస్తున్న ఇల్లాలైతే ఆ రెండు షిఫ్టులూ ఆమెవే. ప్రభుత్వమేమీ తక్కువ తినలేదు. 2001 జనాభా లెక్కల్లో ఇల్లాళ్లను బిచ్చగాళ్లతో, ఖైదీలతో కలిపి ఉత్పత్తి లేనివాళ్ల జాబితాలో వేసిందని 2010లో సుప్రీం కోర్టే మండిపడాల్సి వచ్చింది. ఈ దేశంలో ఇల్లాలి పనికి రూపాయల్లో ధర కట్టే చోటు ప్రధానంగా యాక్సిడెంట్ క్లెయిముల ట్రిబ్యునల్. అక్కడ ఆమె ఫైలు తెరవాలంటే ముందు ఆమె ఏ లారీ కిందో పడాలి. ఒక అగ్నిప్రమాదం కేసులో 2001లో సుప్రీం కోర్టు కట్టిన ధర నెలకు 3000 రూపాయలు. మొగుడు బతికుంటే ఆ చెక్కులోనూ అతనికి వాటా.