ఫిల్ము సారు

మాదాపూర్‌లో గానీ గచ్చిబౌలిలో గానీ గాజు గోడలున్న ఏ ఆఫీసుకు వెళ్లినా ఆయన ఉంటారు. కార్డు మీద ఫెసిలిటీస్ మేనేజర్ అని ఉంటుంది. ఎదుట అందరూ అడ్మిన్ సార్ అంటారు, వెనక మాత్రం ఫిల్ము సారు. జేబులో రెండు పెన్నులతో పాటు గడువు తీరిన ఏటీఎం కార్డొకటి పెట్టుకుంటారు. అద్దానికి అతికించిన ఫిల్ము కింద గాలిబుడగ కనిపిస్తే చాలు, మాట్లాడుతున్న మనిషిని మధ్యలోనే వదిలేసి, ఆ కార్డుతో బుడగను అంచుదాకా తోలి బయటికి పంపేస్తారు. అప్పుడు గానీ ఆయన ప్రాణం కుదుటపడదు. ఉత్త గాజు ఎక్కడైనా కనబడితే ఇంకా బొట్టు పెట్టని పెళ్లికూతుర్ని చూసినంత దిగులు పడతారు. అతికించేవాళ్లు వచ్చిన రోజైతే ఆయన్ని పట్టలేం. సబ్బునీళ్లు సరిగ్గా చల్లారా, రబ్బరు పలకతో పైనుంచి కిందికే లాగుతున్నారా, మూలల్లో బ్లేడు నిటారుగా నడిచిందా అని నిచ్చెన కిందే నిలబడి కాపలా కాస్తారు. అయినా నెల తిరక్కుండానే ఏదో ఒక మూల లేస్తుంది. ఫోన్లో మాట్లాడుతూ దాన్ని గోటితో గీకేవాళ్లెవరో ఆయనకు తెలుసు. పేర్లు చెప్పరు, చూపుతోనే శిక్షిస్తారు.

ఈయనను చూసి నవ్వడం తేలిక. నా వాదన వేరు: ఆఫీసులో నవ్వాల్సిన మనిషి ఈయన కాదు. అయితే అది నిరూపించే ముందు ఈయన మీద ఉన్న అభియోగాలు ఒప్పుకోవాలి. మొదటిది, ఈయన చేతిలో ఫిల్ము హోదా బిళ్లగా మారింది. టీం లీడు గదికి నడుము ఎత్తున ఒక పట్టీ, మేనేజరుకు భుజాల దాకా, డైరెక్టరుకు నేల నుంచి సీలింగు దాకా. ప్రమోషన్ లెటరు రాకముందే గది అద్దం చూసి ఎవరు పైకి వెళ్తున్నారో చెప్పేయొచ్చు. రెండోది డిజైన్ల పిచ్చి. అకౌంట్స్‌కు వెదురాకులు, ట్రైనింగ్ రూముకు తామరపూలు, రిసెప్షన్‌కు చార్మినార్, కాన్ఫరెన్స్ హాలుకు కంపెనీ విలువలు. తెల్లటి మసక ఫిల్ము మీద ఇంగ్లీషులో పెద్దక్షరాలతో పారదర్శకత అని చెక్కిస్తారు. లోపల కూర్చున్నవాళ్లకు ఆ అక్షరాలు తిరగబడి కనిపిస్తాయి, బయటివాళ్లకు లోపలివాళ్లే కనిపించరు. అది చూసి ఆఫీసంతా నవ్వుకుంటుంది, ఆయనొక్కరే తన్మయంగా చూస్తారు.

మూడోది, ఫిల్ముకు ఆయన అంటగట్టే మహిమలు. ఏసీ బిల్లు తగ్గుతుందంటారు. ఎండ తగిలే బయటి అద్దానికి వేడిని ఆపే సోలార్ ఫిల్ము వేస్తే ఆ మాట నిజమే. రెండు ఏసీ గదుల మధ్యనున్న అద్దానికి మసక ఫిల్ము వేస్తే అక్కడ ఆపడానికి ఎండే ఉండదు. గోప్యత అంటారు. ఫిల్ము చూపును ఆపుతుంది కానీ మాటను ఆపదు. ఇంక్రిమెంటు గురించి లోపల జరిగే సంభాషణంతా బయటికి చక్కగా వినిపిస్తుంది, ఎవరు ఏడుస్తున్నారో మాత్రం కనిపించదు. దానివల్ల ఊహకు పని పెరుగుతుందే తప్ప గుట్టు దాగదు. ఇక అద్దంలా మెరిసే ఫిల్ము సంగతి. లోపలినుంచి బయటికి కనిపిస్తుంది, బయటినుంచి లోపలికి కనిపించదు అని వెండరు చెప్పిన మాటను ఈయన వేదవాక్కుగా నమ్మారు. ఆ ఫిల్ము ఎటు వెలుతురు ఎక్కువుంటే అటు అద్దంగా మారుతుంది. అమెరికా వేళలకు పనిచేసే ఆఫీసులో రాత్రి హాలు లైట్లు తగ్గించి బాసుగారు తన గదిలో లైటు వేసుకుంటే కథ తిరగబడుతుంది. ఆయనకు తన ముఖం తప్ప ఇంకేమీ కనిపించదు. ఆయన చెప్పులు విప్పి కాళ్లు బల్లమీద పెట్టుకోవడం మాత్రం హాలంతా చూస్తుంది.

ఇన్ని నేరాలున్నా ఈయన అసలు పట్టుదలలో న్యాయముంది. గాజు గోడలు సమర్థించేవాళ్ల మాట ఒకటే: అందరూ అందరికీ కనిపిస్తే మాటామంతీ పెరుగుతుంది, పని బాగా జరుగుతుంది. ఇది నిజమేనా అని హార్వర్డ్‌లో ఈథన్ బెర్న్‌స్టీన్ పరిశీలించారు. చైనాలోని ఒక మొబైల్ ఫోన్ల ఫ్యాక్టరీలో కొన్ని లైన్ల చుట్టూ తెర కడితే ఉత్పత్తి పది నుంచి పదిహేను శాతం పెరిగిందని 2012లో ప్రచురించారు. పైవాళ్ల కళ్లు నెత్తిమీద లేనప్పుడు పనివాళ్లు తమకు తెలిసిన చిట్కాలు ధైర్యంగా వాడుకున్నారు. స్టీఫెన్ టర్బన్‌తో కలిసి 2018లో వెలువరించిన మరో అధ్యయనంలో, గోడలు తీసేసిన ఆఫీసుల్లో ఎదురెదురుగా మాట్లాడుకోవడం దాదాపు డెబ్బై శాతం తగ్గిందని, ఈమెయిళ్లు పెరిగాయని తేలింది. అందరూ చూస్తుంటే మనిషి నోరు కట్టేసుకుంటాడు. పెళ్లిచూపుల్లో కూర్చున్న ఎవరికైనా ఈ సంగతి హార్వర్డ్ చెప్పకుండానే తెలుసు. ఉత్త గాజుతో ఒంటికీ ముప్పే. కాలిఫోర్నియాలోని ఆపిల్ కొత్త ప్రధాన కార్యాలయంలో ఉద్యోగులు గాజు తలుపులకు, గోడలకు గుద్దుకుని దెబ్బలు తగిలించుకున్నారని, అత్యవసర సహాయానికి ఫోన్లు కూడా వెళ్లాయని 2018లో వార్తలొచ్చాయి. కొందరు గుర్తుకోసం గాజుకు అతికే చీటీలు అంటించుకున్నారట. అక్కడ ఒక ఫిల్ము సారు ఉండి ఉంటే ఆ నుదుళ్లు బొప్పి కట్టేవి కావు.

అలాగైతే ఇటుక గోడే కట్టొచ్చు కదా, గాజు ఎందుకు, దానిమీద ఫిల్మెందుకు, అడుసు తొక్కనేల కాలు కడగనేల అని ఎవరైనా అడగొచ్చు. సరైన ప్రశ్నే, కానీ అడగాల్సింది ఫిల్ము సారును కాదు. గాజు కావాలన్నది పైవాళ్లు. వచ్చిన క్లయింటుకు ఆఫీసు విశాలంగా, నిజాయితీగా కనిపించాలని వాళ్ల కోరిక. గృహప్రవేశమైన వారానికే తమ గదికి మాత్రం కొంచెం మరుగు కావాలన్నదీ వాళ్లే. లోకానికి తెరిచిన పుస్తకంలా కనిపించాలి, తమ పేజీ మాత్రం ఎవరూ తిప్పకూడదు. ఈ రెండు కోరికల మధ్యా ఇరుక్కున్న మనిషి చేతికి తక్కువ ఖర్చులో, ఒక్క ఆదివారంలో, సిమెంటు దుమ్ము లేకుండా దొరికిన మందు ఫిల్ము. మరుగు కావాలన్న కోరిక పైవాళ్లకే పరిమితం అనుకోవడం కూడా తప్పు. కారు అద్దాలకు నల్ల ఫిల్ములు వద్దని 2012లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చినప్పుడు వాటిని పీకించుకుంటూ గొణిగినవాళ్లలో అన్ని హోదాలవాళ్లూ ఉన్నారు. ఫిల్ము సారును చూసి నవ్వే కుర్రాడు కూడా తన స్క్రీను పక్కవాళ్లకు కనిపించకుండా లాప్‌టాప్‌కు ప్రైవసీ ఫిల్టరు కొనుక్కుంటాడు.

ఫిల్ము సారు అసలు తప్పు ఒక్కటే, ఎక్కడ ఆపాలో తెలియకపోవడం. గాజు తలుపులకు కంటి ఎత్తులో ఒక పట్టీ, నడుము ఎత్తులో ఇంకొకటి ఉంటే గుద్దుకునే ప్రమాదం తప్పుతుంది. జీతాలూ కష్టసుఖాలూ మాట్లాడే గదికి ఫిల్ము చాలదు, శబ్దం ఆపే గోడే కావాలి. మిగతాచోట వెలుతురును వెలుతురులా వదిలేయవచ్చు. క్యాంటీన్ కిటికీకి తామరపూలు అక్కర్లేదు, అక్కడ ఎవరు రెండోసారి బజ్జీలు తీసుకున్నారో అందరికీ తెలిస్తే కంపెనీకొచ్చే నష్టమేమీ లేదు. కొత్త ఆఫీసు ప్లాను గీయించేవాళ్లకు చివరి మనవి: ఆర్కిటెక్టును పిలిచే ముందు ఫిల్ము సారును పిలవండి. ఏ గది మూయాల్సి వస్తుందో ఆయనకు ముందే తెలుసు. ఆయన్ని పిలవకుండా గాజు పెట్టించుకుంటే, ఆర్నెల్ల తర్వాత వచ్చే ఫిల్ము బిల్లు మీద మారుమాట్లాడకుండా సంతకం పెట్టండి.