బుష్షు అరిగితే గాలి మార్చారట!

అనకాపల్లిలో పెద్ద కార్లకు ఈమధ్య ఓ విచిత్ర వైద్యం నడుస్తోంది. చక్రం దగ్గర ‘కట్‌కట్’మని మోత వస్తే బానెట్ ఎత్తుతారు. కంపెనీవాడు బిగించిన నల్ల ప్లాస్టిక్ గాలిపెట్టెను పీకి అటక మీద పడేసి, దాని చోట శంకు ఆకారపు ఎర్ర ఫిల్టరూ, మొహం చూసుకోగలిగేంత మెరిసే అల్యూమినియం గొట్టమూ తగిలిస్తారు. మర్నాటి నుంచి కట్‌కట్ వినిపించదు. ఎలా వినిపిస్తుంది? యాక్సిలరేటర్ మీద కాలు పడిందంటే చాలు, బానెట్ లోంచి బుస్సుమని లేచే హోరులో వెనక సీట్లో మామగారు అడిగిన ప్రశ్న కూడా వినిపించదు. ఆ రెండో లాభాన్ని అమ్మేవాళ్లు ఎందుకో ప్రకటనల్లో చెప్పుకోవడం లేదు.

శబ్దాల్లో కూడా గొప్పింటివీ పేదింటివీ ఉన్నాయన్నమాట. కట్‌కట్ అంటే పాత సర్వీసు ఆటో చేసేది. పాతిక లక్షల బండి చేస్తే పరువు తక్కువ. బుస్ అంటారా, అది డబ్బు పోసి కొనుక్కున్నది, నలుగురూ తల తిప్పి చూసేది. మొదటిదాన్ని పోగొట్టాలంటే చెవి కావాలి, ఓపిక కావాలి, బండి కిందకు దూరే మనిషి కావాలి. రెండోదానికి ఫోన్ మీద వేలు చాలు.

ముందు ఆ కట్‌కట్ మీద మన ఊళ్లో జరిగే విచారణ చూడండి. నెహ్రూచౌక్ దగ్గర టీ తాగుతూ ఎవరైనా “బావా, బండి ముందునించి ఏటో శబ్దం వస్తంది” అన్నాడంటే కమిటీ కూర్చున్నట్టే. “షాకప్‌లు పోయుంటాయి” అంటాడొకడు, బండి ఎక్కడుందో చూడకుండానే. “స్టీరింగ్ ర్యాకు. మా తోడల్లుడి బండిదీ ఇలాగే మొదలైంది” అని ఇంకొకడు భయపెడతాడు. మూడోవాడు లేచొచ్చి, బంపర్ మీద రెండు చేతులూ ఆనించి, ఒంట్లో బరువంతా వేసి నాలుగుసార్లు ఊపుతాడు. షాకప్ పూర్తిగా చచ్చిపోయుంటే ఆ ఊపుకు బండి ఆగకుండా ఊగుతుంది, అంతవరకు నిజమే. మిగిలిన అరడజను రోగాల్లో ఒక్కటీ దానికి బయటపడదు. అయినా ఊపినవాడి మొహంలో మాత్రం ఎక్స్‌రే తీసినంత తృప్తి. ఇక నాలుగోవాడి తీర్పు: “ఇంత బరువు బండికి కంపెనీ ఇచ్చిన గాలి సరిపోదు బావా. ఇంటేక్ మార్చీ. పికప్పూ పెరుగుద్ది, మైలేజీ పెరుగుద్ది.” సస్పెన్షన్‌కీ గాలికీ సంబంధమేటని అడగాల్సిన ఐదోవాడు ఆ పూట టీకి రాలేదు.

నిజానికి ఈ శబ్దాల్ని పట్టడానికి మనకున్నంత వసతి ఇంకెవరికీ లేదు. ఏళ్ల తరబడి వార్తల్లో ఉంటున్న భీమిలి–నర్సీపట్నం రోడ్డుంది. క్వారీ లారీలూ వాన నీళ్లూ కలిసి మనకోసం కట్టిపెట్టిన ప్రయోగశాల అది, ప్రవేశ రుసుము కూడా లేదు. అక్కడ బండిని ఇరవై స్పీడులో పోనిచ్చి, అద్దాలు దించి, పాట ఆపి (ఇదే మనవాళ్లకు కష్టమైన ఘట్టం) వింటే చాలు. ఒక చక్రం మాత్రమే గతుకులో దిగినప్పుడు కట్‌కట్‌మని, రెండు ముందు చక్రాలూ ఒకేసారి స్పీడ్ బ్రేకర్ ఎక్కినప్పుడు నోరు మూసుకుందనుకోండి, అనుమానం ముందుగా స్టెబిలైజర్ లింకు రాడ్డు మీదకు పోవాలి. ఎడమ చక్రాన్నీ కుడి చక్రాన్నీ కలిపే యాంటీ రోల్ బార్ చివర్లలో ఉండే చిన్న కడ్డీ అది. రెండు చక్రాలూ కలిసి లేచినప్పుడు ఆ బార్ మెలితిరగదు, రాడ్డు మీద బరువు పడదు. ఒకటి లేచి ఒకటి దిగినప్పుడే దాని అరిగిన కీలు కొట్టుకుంటుంది. నమ్మకం కుదరకపోతే రెండు వైపులా ఆ రాడ్లు విప్పి, జాగ్రత్తగా ఓ ఫర్లాంగు నడిపి చూడమనండి. మోత ఆగిపోతే దొంగ దొరికినట్టే.

గతుకుల్లో గలగలమంటూ, బ్రేకు మీద కాలు కాస్త ఆనించగానే ఆగిపోతే అది సస్పెన్షనే కాదు, బ్రేకు ప్యాడ్లో క్యాలిపర్ పిన్నో. గతుకుతో పనిలేకుండా స్పీడుతోపాటు పెరిగే రొద వీల్ బేరింగ్‌ది. బండి నిలబెట్టి స్టీరింగ్ తిప్పుతుంటే స్ప్రింగ్ ఉలిక్కిపడినట్టు ‘టంగ్’మంటే, క్రెటా, బ్రెజా లాంటి బళ్లలో షాకప్ తలకాయ మీదుండే మౌంటు సంగతి చూడాలి. కిర్రుకిర్రు వస్తోందా? ఒక్కో రబ్బరు బుష్షు మీదా కాసిన్ని నీళ్లు చిలకరించండి. ఏది తడిస్తే కిర్రు ఆగిందో అదే. ఇవన్నీ చూడకముందు ఇంకొకటి చూడాలి. పంక్చరైన రోజు హడావిడిలో వెనక పడేసిన జాకీ. పట్టీ బిగించని ఆ జాకీ పుణ్యమా అని నిక్షేపంలాంటి షాకప్‌లు తుక్కు కొట్టుకు చేరిన సందర్భాలు ఈ దేశంలో తక్కువేమీ ఉండవు.

సరే, బాబుగారు ధైర్యం చేసి వర్క్‌షాపుకే వెళ్లారనుకుందాం. అక్కడా మన మేస్త్రీల్లో సగంమంది తొందర మనుషులు. బండిని లిఫ్టు మీదకెత్తి, చక్రాలు గాల్లో వేలాడుతుండగా కొత్త లోయర్ ఆర్మ్ తొడిగి, గన్ను పెట్టి ‘డర్ర్’మని బోల్టు బిగించేసి దించుతారు. ఆ ఆర్మ్ బుష్షు రబ్బరు లోపలి ఇనుప గొట్టానికి అతుక్కుని ఉంటుంది. బోల్టు బిగిస్తే ఆ గొట్టం కదలదు, ఆర్మ్ ఆడినప్పుడల్లా మెలితిరగాల్సింది రబ్బరే. గాల్లో బిగించిన బండి నేల మీదకు దిగేసరికి ఆ రబ్బరు పుట్టుకతోనే మెడ తిప్పుకుని కూర్చుంటుంది. ఇంక నిలబడి ఉన్నా మెలికే, నడుస్తున్నా మెలికే. చినిగిపోవడానికి ఎన్నాళ్లు పడుతుంది? అప్పుడు “డూప్లికేట్ పార్టు బాబూ, ఏం చేస్తాం” అంటారు. ఒరిజినల్ పార్టుకు డూప్లికేట్ పని అని మాత్రం అనరు. దీనికి తోడు వాషింగ్ పాయింట్‌లో బండి అడుగంతా డీజిలో, వాడేసిన ఇంజనాయిలో చల్లే ఆచారం ఒకటి ఇంకా పోలేదు. ఓ వారం కిర్రు పోతుంది. ఆ తర్వాత నూనె తాగిన రబ్బరు ఉబ్బి, మెత్తబడి, మొత్తంగా పోతుంది.

ఈ దారంతా పోవడం కన్నా ఎర్ర ఫిల్టరు తెప్పించుకోవడం నయమనిపించడంలో వింత లేదు. దాని పెట్టె మీద రాసి ఉన్న వాగ్దానాలు ఎన్నికల మేనిఫెస్టోలకు దీటుగా ఉంటాయి: పవర్ పెరుగుతుంది, మైలేజీ పెరుగుతుంది, జీవితాంతం మార్చక్కర్లేదు. కొన్నవారం తిరక్కముందే సుంకరమెట్ట జంక్షన్‌లో అన్నగారు “బండి ఇప్పుడు ఊపిరి పీల్చుకుంటందిరా” అంటారు. అంతకుముందు ఊపిరి లేకుండానే అది లంబసింగి ఘాటీ ఎక్కొచ్చింది కాబోలు.

కాస్త లెక్క చూద్దాం. ఒక లీటరు డీజిల్ కాలాలంటే కనీసం పదివేల లీటర్ల గాలి కావాలి. ఇంత గాలి పీల్చే యంత్రానికి గాలిపెట్టె గీసేటప్పుడు కంపెనీ ఇంజనీరు నిద్రపోయి ఉంటాడని మన నమ్మకం. ఆ నల్ల పెట్టె ముక్కు ఎక్కడుందో చూశారా? చాలా బళ్లలో గ్రిల్లు వెనకో, మడ్‌గార్డు పక్కనో, అంటే బయటి చల్లగాలి తగిలేచోట ఉంటుంది. మనం దాన్ని పీకి, ఇంజను పక్కన నోరు తెరుచుకున్న ఫిల్టరు పెట్టి, రేడియేటర్ కాచి పంపిన వేడిగాలి తాగిస్తాం. గాలి ప్రతి మూడు డిగ్రీల వేడికీ సుమారు ఒక శాతం పలచబడుతుంది. అనకాపల్లి మే నెల మధ్యాహ్నం, ట్రాఫిక్‌లో ఆగిన బండి బానెట్ కింద ఎన్ని డిగ్రీలుంటాయో చెయ్యి పెట్టి చూసుకోవచ్చు. పేరు మాత్రం ‘కోల్డ్ ఎయిర్’ కిట్.

పైగా టర్బో డీజిల్‌లో ఎంత ఒత్తిడితో గాలి పోవాలో, ఎంత డీజిల్ చిమ్మాలో నిర్ణయించేది కంప్యూటరు. దానికి చెప్పకుండా గొట్టం మారిస్తే అది పాత లెక్క ప్రకారమే డీజిల్ పోస్తుంది. డీజిల్ పెరగనిదే పవర్ ఎక్కడినుంచి వస్తుంది? పెట్రోలు బండి సంగతి ఇంకా తమాషా. అమెరికాలోని ఓక్‌రిడ్జ్ జాతీయ ప్రయోగశాల 2009లో ఎదురు పరీక్ష చేసింది: కంప్యూటరున్న పెట్రోలు కార్ల ఫిల్టర్లను కావాలని మూసుకుపోయేట్టు చేసి నడిపి చూసింది. పికప్ తగ్గింది గానీ మైలేజీలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. కారణం సులువే. నిదానంగా పోయేటప్పుడు థ్రాటిల్ తలుపు ఎలాగూ ముప్పాతిక మూసే ఉంటుంది, దాని ముందు ఫిల్టరు అడ్డు ఓ లెక్కలోది కాదు. మూసుకుపోయినా తగ్గని మైలేజీ, తెరిస్తే మాత్రం ఎలా పెరుగుతుందో సుంకరమెట్ట అన్నగారే చెప్పాలి.

ఇదే ఊళ్లో 1913 నుంచి చెరకు మీద పరిశోధన సాగుతోంది. కొత్త రకం మంచిదో కాదో తేల్చడానికి పక్కనే పాత రకం మడి వేసి, నీళ్లూ ఎరువూ సమానంగా ఇచ్చి, టన్నులు తూచి మరీ చెబుతారు. ఆ పరిశోధన కేంద్రం గోడ పక్కనుంచి బుస్సుమంటూ పోయే పెద్దమనిషి మాత్రం ఒకే రోడ్డు మీద, ఒకే బంకులో ట్యాంకు నిండా పోయించి, ముందూ వెనకా మైలేజీ లెక్క రాసుకున్న పాపాన పోడు. “తేడా తెలుస్తంది గదా” అంటాడు. తెలుస్తుంది మరి, చెవికి.

మనకు ఇది బాగా తెలిసిన రోగమే. బెల్లం మార్కెట్లో తెల్లగా మెరిసే దిమ్మకు ధర ఎక్కువ పలుకుతుందని పాకంలో హైడ్రోస్ గుప్పే బాపతు ఎప్పటినుంచో ఉంది. రంగు వస్తుంది, రుచి రాదు, నిల్వా ఉండదు. ఈ మెరిసే గొట్టం బండికేసిన హైడ్రోస్. తేడా ఒక్కటే: బెల్లం దగ్గర మనం మోసపోకుండా చిన్న పెళ్ల విరిచి నాలుక మీద వేసుకుంటాం.

ఇక దుమ్ము. లేటరైట్ లారీల వెనక ఎర్రదుమ్ము, పరవాడ వైపు బూడిద లారీల వెనక తెల్లదుమ్ము, మన బళ్ల ఆహారం అది. గాలి మరీ సులువుగా దూరే జల్లెడలోంచి సన్నదుమ్మూ దూరే ప్రమాదం ఉంది. టర్బో రెక్కలకీ సిలిండర్ గోడలకీ అది ఆకురాయి పని చేస్తుంది. నూనె పట్టించే గుడ్డ ఫిల్టరుకు ప్రేమకొద్దీ నూనె ఎక్కువ పోస్తే, ఆ నూనె పొర పోయి గాలిని కొలిచే సెన్సార్ తీగ మీద కూర్చుంటుంది, డ్యాష్‌బోర్డులో పసుప్పచ్చ దీపం వెలుగుతుంది. వానాకాలం మరీ ఘోరం. చల్లగాలి కోసమని ఫిల్టరును బంపర్ వెనక కిందకు దించిన బండి, కాజ్‌వే మీద శారదా నీటిలో దిగిందా, గాలికి బదులు నీళ్లు మింగుతుంది. నీరు గాలిలా నలగదు కనక నలిగేది కనెక్టింగ్ రాడ్డే. రేసు ట్రాక్ మీద బండి తోలేవాడూ, కంప్యూటరు లెక్కలు కూడా మార్పించి యంత్రం మీద పవర్ కొలిపించుకునేవాడూ ఇంటేక్ మారిస్తే అర్థముంది. పూడిమడక రోడ్డు మీద ఆఫీసుకు పోయేవాడికి లేదు.

చట్టం మాట కూడా వినండి. కంపెనీ ఇచ్చిన స్వరూపానికి భిన్నంగా బండిని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. అదే ఏడాది సవరించిన మోటారు వాహనాల చట్టం 182ఏ సెక్షన్, అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఆరునెలల దాకా జైలో, మార్పు ఒక్కోదానికి 5,000 రూపాయల జరిమానానో, లేదా రెండూనో రాసిపెట్టింది. వారంటీలో ఉన్న ఇంజను పాడైతే కంపెనీవాడు మొదట వేలు చూపించేదీ ఆ గొట్టంవైపే.

అందుకని ఎస్‌యూవీ బాబులకో విన్నపం. ఆ ఎర్ర ఫిల్టరు డబ్బు కొన్నాళ్లు జేబులోనే ఉండనివ్వండి. అటక మీది నల్ల పెట్టె దించి మళ్లీ బిగించుకోండి. మెకానిక్ దగ్గరకెళ్లినప్పుడు రోగం పేరు మీరు చెప్పకండి, శబ్దం ఏ గతుకులో వస్తోందో చెప్పి, ఆయన్ని పక్క సీట్లో కూర్చోబెట్టుకుని ఆ గతుకు దాకా తీసుకెళ్లండి. మార్చిన పాత పార్టు చేతికి ఇవ్వమని అడగండి, ఆడించి చూడండి. లోయర్ ఆర్మ్ బోల్టులు మాత్రం చక్రాలు నేల మీద ఆనాకే బిగించమనండి, బిగించేదాకా పక్కనే నిలబడండి.