ఆర్నెల్ల గడువు, పదిహేడో ఎక్కం

మొన్న చిలకపాలెం దగ్గర మా మనవడి బండిని లారీ రాసుకుపోయింది. కాలు విరిగింది. ఆస్పత్రిలో కట్టు కట్టేలోగానే మంచం పక్కన ఒకడు వకాల్తా కాగితంతో దిగబడ్డాడు. "ఒక్క సంతకం పెట్టు బావూ, మిగతాదంతా మేం చూసుకుంటాం" అన్నాడు. వచ్చే నష్టపరిహారంలో అతగాడి వాటా ఎంతో సంతకమయ్యాక చెప్తాడట.

మా రోజుల్లో ఇదేటి? ఊరంతటికీ ఒక్కటే రాజ్‌దూత్. 1975లో అది నన్నే గుద్దింది. అప్పటికి నాకు ఇరవయ్యెనిమిదేళ్లు. పొద్దుగూకేసరికి పెద్దమనుషులు రచ్చబండ మీద కూర్చున్నారు. బండి గలాయన భుజం మీద తువ్వాలు తీసి, తప్పయిపోయిందన్నాడు. 300 రూపాయలు, రెండు బస్తాల ధాన్యం అని తేల్చేశారు. నాటువైద్యుడి కట్టుకి కాలు వంకరగా అతుక్కుంది, అది వేరే సంగతి. ఇప్పుడో, లారీవాడి మొహమే మేం చూడలేదు. లారీ ఇన్సూరెన్సు పాలసీ నంబరు చూశాం, అంతే.

ఇక దావాకి కావలసిన కాగితాలు. ఎఫ్ఐఆర్, గాయాల సర్టిఫికెట్, వైకల్యం సర్టిఫికెట్, లైసెన్సు. అవన్నీ తేవచ్చు. సంపాదన రుజువు తెమ్మంటేనే వస్తుంది తంటా. మావాడు చెన్నైలో సెంట్రింగు పనికి పోతాడు. శనివారం సాయంత్రం మేస్త్రీ చేతిలో పెట్టిన కూలికి రసీదెక్కడిది? వలసపోయే మన జిల్లాల కుర్రాళ్లలో జీతం స్లిప్పున్న వాళ్లెంతమంది? రుజువు లేకపోతే దావా వినే మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్ వాళ్లే ఒక అంకె ఊహించుకుంటారు.

అన్నిటికన్నా మంట ఏటంటే, గడువు. 1939 మోటారు వాహనాల చట్టంలో దావాకి ఆర్నెల్లే గడువుండేది. 1988 చట్టంలోనూ అదే ఉంచి, 1994లో ఎత్తేశారు. 2022 ఏప్రిల్ 1 నుంచి మళ్లీ పెట్టారు. మా రోజుల్లో మంచివన్నీ వదిలేసి, ఏరికోరి దీన్ని తెచ్చుకున్నారు! ఆర్నెల్లంటే ఎముక సరిగ్గా అతుక్కోవాలా వద్దా?

ఇదంతా గొణుక్కుంటుంటే మంచం మీంచి మనవడు ఫోన్ చూస్తూ అన్నాడు: "2009లో సుప్రీంకోర్టు సరళా వర్మ తీర్పులో లెక్క పెట్టేసింది తాతా. కాలు వల్ల ఏడాదికి ఎంత రాబడి పోయిందో చూసి, దాన్ని వయసుకి తగ్గ అంకెతో హెచ్చించాలి. నీకప్పుడు 28 కదా, అంటే 17తో. నువ్వేటి, రెండు బస్తాలకి ఒప్పేసుకున్నావ్?"

"మరి ఇప్పుడు గుద్దితేనో?"

"65 దాటితే 5 తాతా."

గుంటడికి కాలైతే విరిగింది గానీ, నోరు బాగానే ఉంది.